దూకిన ముక్క

ఆదివారం పొద్దున్న అమ్మీ ఫోన్ చేసి, వచ్చేటప్పుడు గాజువాకలో కిలో లడ్డూలు పట్టుకురమ్మంది. ఎందుకంటే మా అన్న చిన్నోడికి ఈరోజే సున్తీ అట, అది చేసే ఉస్తాద్‌కి కబురు వెళ్లిందట, మధ్యాహ్నం జొహర్ నమాజు లోపే అయిపోతుందట. నేను ఉక్కునగరంలో మా క్వార్టర్ వంటింట్లో పాలు కాస్తున్నాను. పాలు పొంగి గట్టంతా పారాయి. స్టవ్ ఆపాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

"అమ్మీ, ఆడి రక్తం టెస్టు రిపోర్టు సూశారా?" అని అడిగాను.

"టెస్టేటి? సమీనా రక్తంలో ఏటీ లేదని అప్పుడు డాక్టరే సెప్పాడు కదా. మళ్లీ టెస్టులేటి?" అని అమ్మీ ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా అన్న ఇద్రీస్‌కి చేస్తే రింగై రింగై ఆగిపోయింది. మా వదిన సమీనా భాభీ ఫోన్ స్విచాఫ్. నాకు చెప్పకుండా ఏదైనా చేయాలనుకుంటే మా పుట్టింట్లో ముందు ఫోన్లు మూగబోతాయి, అది నా పెళ్లిచూపుల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. చెప్పులు వేసుకుని బయటపడ్డాను. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న మా ఆయన లేచి, ఏమైందని అడిగాడు. అంతా చెప్పే ఓపిక లేక పాలు తుడవమన్నాను.

ఆటోవాడితో బేరమాడలేదు, అడిగినంత ఒప్పుకున్నాను. గాజువాక దాటి పోర్టు రోడ్డెక్కేసరికి బొగ్గు లారీలు బారులు తీరి ఉన్నాయి. నేను గంట గంటకీ కాదు, లారీ లారీకీ టైము చూసుకుంటున్నాను. నాకు కళ్లముందు ఇర్ఫాన్ కనిపిస్తున్నాడు.

ఇర్ఫాన్ మా అన్న పెద్దకొడుకు. వన్ టౌన్‌లో మా అన్నకి తాళ్లు, టార్పాలిన్లు అమ్మే హోల్‌సేల్ షాపు ఉంది, పైన ఇల్లు. ఆ ఇంటి హాల్లోనే ఇర్ఫాన్‌కి పసితనంలో ఇదే ఉస్తాద్ సున్తీ చేశాడు. రక్తం ఆగలేదు. బూడిద అద్దారు, గుడ్డ కట్టారు, దువా చదివారు, గుడ్డ మార్చారు. ఆస్పత్రికి తీసుకెళ్లాలన్న ఆలోచన అందరికంటే చివర వచ్చింది. అప్పటికి పిల్లాడు సున్నంలా తెల్లబడిపోయాడు. బతికాడంటే అది వాడి మొండితనం, మా తెలివి ఎంతమాత్రం కాదు. అప్పుడు తేలింది హీమోఫీలియా అని. రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఎయిట్ అనే ప్రోటీన్ వాడి ఒంట్లో తయారవదు. ఈ జబ్బు మామూలుగా తల్లి నుంచి కొడుక్కి వస్తుందని ఎవరో నర్సు నోరు జారింది. మా అమ్మీ మదీనా బీకి ఆ ఒక్క మాట చాలు. సమీనా వాళ్ల ఎలమంచిలి సంబంధం చేసుకున్నందుకు మా వంశానికి చెడ్డ రక్తం ఎక్కిందని వీధి వీధంతా చెప్పింది. ఉస్తాద్‌కి కూడా పేరు పోయింది. ముసలాడి చెయ్యి వణికిందని జనం వెనకాల అనుకున్నారు, కొందరు పిలవడం మానేశారు.

నేను పనిచేసేది జన్యు పరీక్షల ల్యాబులో. ఇర్ఫాన్ రక్తం మా దగ్గర పరీక్షిస్తే మామూలుగా కనిపించే తప్పులేవీ కనిపించలేదు. ఇంకా పెద్ద ల్యాబుకి పంపితే అసలు సంగతి బయటపడింది. ఫ్యాక్టర్ ఎయిట్ ఎలా తయారు చేయాలో రాసి ఉండే జన్యువు మధ్యలో, దానితో ఏ సంబంధమూ లేని డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. ఇలాంటి ముక్కలు మనందరిలోనూ ఉంటాయి. తమ నకలు తామే తీసుకుని, ఆ నకలుని ఇంకోచోట దూర్చేస్తాయి. మన డీఎన్ఏలో దాదాపు సగం కోట్ల ఏళ్లుగా ఇలా దూరి పోగుపడిన సరుకే. చాలావరకు చచ్చిపడి ఉంటుంది. కొన్ని మాత్రం ఇంకా బతికున్నాయి, ఎప్పుడో ఒకప్పుడు దూకుతాయి. ఖాళీచోట పడితే ఎవరికీ ఏమీ కాదు. పనిచేసే జన్యువు నడిబొడ్డున పడితే, బిర్యానీ తయారీ రాసుకున్న కాగితం మధ్యలో సినిమా కరపత్రం అతికించినట్టే. ఆ పైన వంట సాగదు.

తర్వాత సమీనా భాభీ రక్తంలో ఆ ముక్క కోసం వెతికారు. లేదు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. తల్లి రక్తంలో కనిపించలేదు కాబట్టి ఇది కొత్తగా జరిగి ఉండొచ్చు అన్నది మొదటిది. అయినా ఇకముందు మగపిల్లాడు పుడితే పుట్టగానే పరీక్ష చేయించి తీరాలి అన్నది రెండోది. మొదటి మాట వినగానే మావాళ్లు లేచి నిలబడిపోయారు. రెండో మాట కుర్చీలకి వినిపించింది.

ఆ సాయంత్రం మా అన్న షాపు షాపుకీ వెళ్లి, నా భార్య రక్తం శుభ్రం అని చెప్పి వచ్చాడు. అప్పటిదాకా పెళ్లిళ్లకి పోతే మూల కూర్చునే సమీనా మళ్లీ నలుగురిలో తలెత్తింది. అమ్మీ నోరు మూసుకుంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంటి ఆడపడుచునై ఉండి వదిన పక్షం మాట్లాడుతున్నానని అమ్మీ నన్ను తిట్టిన తిట్లన్నిటికీ ఆ రోజు జవాబు దొరికింది.

రెండో కాన్పుకి సమీనా ఎలమంచిలి పుట్టింటికి వెళ్లింది. మగపిల్లాడు, తౌసిఫ్. పుట్టిన రోజునే ఫోన్ చేసి పరీక్ష సంగతి అడిగాను. అయిపోయింది, అంతా బాగానే ఉందని చెప్పింది. రిపోర్టు పంపమంటే రేపు రేపు అంది. నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? ఇర్ఫాన్ మోకాలు వాచిన ప్రతిసారీ రాత్రంతా ఐసు పెడుతూ కూర్చునే తల్లి ఆమె. పొద్దున్న అమ్మీ టెస్టేటి అనేదాకా నా నమ్మకం కదల్లేదు.

ఆటో కాన్వెంట్ జంక్షన్ దాటి పాత పోస్టాఫీసు వైపు సందులోకి దూరలేక ఆగిపోయింది. దిగి పరిగెత్తాను.

మెట్ల మీదే అత్తరు వాసన వచ్చింది. హాల్లో చాప పరిచి ఉంది, వీధిలో పెద్దలు ఏడెనిమిది మంది గోడవారగా కూర్చున్నారు. మధ్యలో ఉస్తాద్. ఎదురుగా తెల్లగుడ్డ మీద చర్మం పట్టి ఉంచే వెదురు చీలిక, కత్తి, దూది. ఇంకా మొదలుపెట్టలేదు. గుమ్మం పట్టుకుని చెప్పులు విప్పాను. ఇర్ఫాన్‌ని భయపడతాడని పక్కింటికి పంపేశారట. లడ్డూలేవని అమ్మీ అడిగింది.

అన్నని మెట్ల మీదికి లాక్కొచ్చాను. పిల్లాడికి పరీక్ష కాలేదని, ఇది ఆపి తీరాలని చెప్పాను. అతను ముందు నవ్వాడు, తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఇంతమందిని పిలిచాక ఆపితే ఏం చెప్పాలట? మళ్లీ అనుమానమొచ్చిందని చెప్పాలా? మళ్లీ సమీనా పేరు వీధిలో పడాలా? ఆస్పత్రిలో చేయిద్దామని తానూ అన్నాడట. సమీనాయే ఒప్పుకోలేదట. ఇక్కడే, ఈ హాల్లోనే, ఈ ఉస్తాద్ చేతనే, అప్పుడు చూసినవాళ్లందరి ముందే జరగాలని పట్టుబట్టి, రోజు కూడా తానే పెట్టిందట.

నా చెవులని నేను నమ్మలేకపోయాను. మా మాటలు ఉస్తాద్‌కి వినబడ్డట్టున్నాయి. లేచి గుమ్మం దాకా వచ్చాడు. అతను మా అన్నకి కూడా చేసినవాడే, ఈ సందులో సగం మంది మగవాళ్లు అతని చేతి మీదుగా వచ్చినవాళ్లే.

"ఆనాడు నా సేతి తప్పు కాదని మీరే తేల్చారు కదమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ సిన్నోడితో ఆ మాట అందరికీ తెలిసిపోద్ది. అడ్డం రాకు తల్లీ."

అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన మంచివాడు, మా అన్న మంచివాడు, సమీనా బంగారం. అయినా ఉస్తాద్‌కి తన చెయ్యి మంచిదని రుజువు కావాలి, అన్నకి తన మాట నిలబడాలి, సమీనాకి తన రక్తం మంచిదని తేలాలి. ముగ్గురూ ఆ రుజువుని రెండు నెలలు నిండని పసివాడి ఒంటి మీద కత్తి పెట్టి వెతుకుతున్నారు. ఈ మాట నేను పైకే అన్నాను. ఉస్తాద్ ముఖం ముడుచుకుంది. అన్న మాత్రం, టైమవుతోంది, ఆడవాళ్లు లోపల ఉండండి అన్నాడు.

లోపలి గది తలుపు గడియ పెట్టి ఉంది. అమ్మీ నా వెనకే వచ్చి సణగడం మొదలుపెట్టింది. వచ్చిన దగ్గర్నుంచీ పిల్లాణ్ణి తన చేతికివ్వడం లేదట. స్నానం కూడా తలుపేసుకుని చేయిస్తోందట. నాయనమ్మనన్న గౌరవం లేదట. చూపించడం లేదంటే ఏదో దాస్తోందని నాకు అర్థమైంది. తలుపు తట్టి, నేను ఉజ్మాని, ఒక్కదాన్నే వస్తాను అన్నాను. గడియ తీసింది.

సమీనా మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో తౌసిఫ్‌ని ఆకుపచ్చ పట్టుగుడ్డలో చుట్టేసి ఉంచింది. నేను చెయ్యి చాపితే అటు తిరిగిపోయింది. బతిమాలాను. వినలేదు. చివరికి ఆమె చేతుల మీది నుంచే గుడ్డ తొలగించాను. ఆమె ఆపలేదు, కళ్లు మూసుకుంది.

ఎడమ తొడ మీద టీకా వేసిన చోట నిమ్మకాయంత గడ్డ. చుట్టూ నీలంగా కమిలిపోయి ఉంది, అంచుల్లో పసుపు తిరిగింది. ఆ కాలు వాడు కదపడం లేదు. రెండో కాలితో గాలిని తంతున్నాడు.

"సూదేసిన కాడ ఎవలికైనా గడ్డ కడతాది," అంది కళ్లు తెరవకుండానే. "మా అమ్మ కాపడం పెట్టింది. తగ్గిపోద్ది."

పెరుగుతోందా అని అడిగాను. చేత్తో తడిమి గుడ్డ మళ్లీ కప్పబోయింది. ఎవరికైనా చూపించావా అన్నాను. పుట్టినప్పుడు పరీక్ష చేయించానన్నది అబద్ధమే కదా అన్నాను. అప్పుడు కళ్లు తెరిచి నావైపు చూసిన చూపుని నేను మర్చిపోలేను.

"నువ్వూ మీ అమ్మ కూతురివే," అంది.

నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. లేచి వెళ్లిపోదామనిపించింది కూడా. కానీ ఆ కదలని కాలు నా ఎదురుగా ఉంది. బయట అన్న తలుపు కొట్టి, ఉస్తాద్ తయారుగా ఉన్నాడని కేకేశాడు. రెండు నిమిషాలన్నాను.

"నా రక్తంలో లేదన్నారు కదా. అది నిజమా కాదా?" అని అడిగింది సమీనా.

"నిజమే. రక్తంలో లేదు."

"మరి ఇదేటి?"

చేతనైనంత సులువుగా చెప్పాను. నువ్వు మీ అమ్మ కడుపులో ఇంకా రూపం లేని నలకలా, కొన్ని కణాలుగా ఉన్నప్పుడు, వాటిలో ఒకదానిలో ఆ ముక్క దూకి ఉంటుంది. ఆ ఒక్క కణం నుంచి వచ్చిన వాటిలోనే ఆ తప్పు ఉంటుంది, మిగతా వాటిలో ఉండదు. నీ రక్తం మిగతా వాటి నుంచి వచ్చింది. నీ అండాల్లో కొన్ని మాత్రం దాని నుంచి వచ్చాయి. అందుకే రక్తాన్ని అడిగితే లేదనే చెప్తుంది, అది అబద్ధం కాదు. ఇది మీ అమ్మ ఇవ్వలేదు, మీ అమ్మమ్మ ఇవ్వలేదు, నువ్వు చేసిన పాపం కాదు. ఎవరిలోనైనా దూకొచ్చు. మా అమ్మీలోనూ అలాంటి ముక్కలు లక్షలకొద్దీ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి.

ఆమె అంతా విని, నేను ఎక్కడ మెత్తగా చెప్పానో సరిగ్గా అక్కడే పట్టుకుంది.

"అంటే నాలోనే ఉంది."

లేకపోవచ్చు అని ఒక్క మాట అనేస్తే ఆ ముఖంలోకి మళ్లీ ప్రాణం వచ్చేది. కానీ ఆ మాటతోనే పిల్లాడు హాల్లోకి వెళ్తాడు. "ఈ గడ్డ నాననుకున్నదే అయితే ఉంది, భాభీ," అన్నాను.

తౌసిఫ్ పాదం చేతిలోకి తీసుకుంది. పిల్లలని చంపడానికే పుట్టిందా ఆ ముక్క, దానికి ఇంకో పని లేదా అని అడిగింది. ఉంది అన్నాను. బిడ్డకీ తల్లికీ మధ్య ఉండే మాయ ఉంటుంది కదా, అది కుదురుగా కట్టుకోవడానికి కావలసిన ఒక ప్రోటీన్, ఎప్పుడో అనాది కాలంలో ఇలాగే బయటి నుంచి వచ్చి దూరిన ఒక ముక్క ఇచ్చిందే. అది లేకపోతే ఇర్ఫాన్ లేడు, తౌసిఫ్ లేడు, మనమూ లేము. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఏదో పరాయి మనిషి సంగతి విన్నట్టు తలూపింది.

తలుపు మళ్లీ కొట్టారు. ఈసారి అమ్మీ. పెద్దమనుషులు ఎంతసేపు కూర్చుంటారని గొంతు పెంచింది.

నాకు తోచిన ఉపాయం చెప్పాను. పిల్లాడికి జ్వరమొచ్చిందని నేను బయటికి వెళ్లి చెప్తాను, అందరినీ పంపేస్తాను, సాయంత్రం చప్పుడు చేయకుండా ఆస్పత్రికి పోదాం. నీ పేరు బయటికి రాదు. అది విని సమీనా గుడ్డ సర్దుతూ తల అడ్డంగా ఊపింది.

"జొరమంటే వచ్చే వారం మళ్లీ పిలుత్తారు. అప్పుడు నువ్వు ఉక్కునగరంలో ఉంటావు. నాను మళ్లీ ఇదే గదిలో ఉంటాను. నా సంగతి నాకు తెలుసు ఉజ్మా, మళ్లీ దాసేత్తాను."

లేచింది. చున్నీ తల మీదికి లాక్కుంది. గడియ తీసి, అమ్మీని దాటుకుని, మగవాళ్లు కూర్చున్న హాల్లోకి నేరుగా నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. పెద్దవాళ్లు ఇబ్బందిగా తలలు దించుకున్నారు. ఉస్తాద్ బిస్మిల్లా అంటూ చేతులు చాపాడు. సమీనా పిల్లాణ్ణి అతనికివ్వలేదు. అందరికీ కనబడేలా గుడ్డ తీసి తొడ చూపించింది.

"ఈడికీ అన్న జబ్బే," అంది. "నా కాణ్నుంచే వచ్చింది. రక్తంలో కనబళ్లేదు గానీ నాలోనే ఉంది. ఆ కత్తి తీసెయ్యండి."

కింద సందులో తోపుడుబండి గంట వినబడుతోంది. ఉస్తాద్ ఆ గడ్డ వైపు చూసి, ముందుకు వంగి మళ్లీ చూసి, మాట్లాడకుండా తెల్లగుడ్డని నాలుగు మూలలూ కలిపి మూట కట్టేశాడు. అన్న నేల చూపులు చూస్తున్నాడు. ఒక పెద్దాయన లేచి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

అప్పుడు అమ్మీ అంది, "నాను అప్పుడే సెప్పాను."

నా కన్నతల్లి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. నోటికొచ్చింది అనేయడానికి తిరిగాను. సమీనా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"అవునత్తా, సెప్పారు," అంది. "పిల్లోణ్ణి ఓపాలి పట్టుకోండి. సెప్పులేసుకోవాల, ఆస్పత్రికెల్లాల."

వాడిని అమ్మీ చేతుల్లో పెట్టేసింది. ఒప్పేసుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో మా అమ్మీకి తెలియదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. మొదటిసారి ఈ మనవడిని ఎత్తుకుంది కదా, ఆ కాలు ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతులు దూరంగా చాపింది. గడ్డని దగ్గర నుంచి చూసింది. నీలం, పసుపు, సాగి మెరుస్తున్న చర్మం.

"ఇంతుంటే నాకు సూపించలేదేటే?" అని అడిగింది.

సమీనా చెప్పు పట్టీ పెట్టుకుంటోంది, తలెత్తలేదు. అమ్మీ నోటికి జడిసే దాచిందని ఆ హాల్లో అందరికీ తెలుసు. కాసేపటికి అమ్మీకి కూడా జవాబు అందినట్టుంది. ముఖం పక్కకి తిప్పుకుని, బురఖా తీసుకురమ్మని మా అన్నని కసిరింది.

ఆటోలో పిల్లాణ్ణి అమ్మీ దించలేదు. గతుకు వచ్చిన ప్రతిచోటా డ్రైవరుని తిట్టింది. నేను ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచడం వల్ల ఆస్పత్రిలో ఆలస్యం కాలేదు, రక్తం తీసుకుని పరీక్షకి పంపారు. సాయంత్రం డాక్టరమ్మ తానే వరండాలోకి వచ్చింది. ఫ్యాక్టర్ ఎయిట్ ఒక శాతం కూడా లేదని చెప్పింది. మందు వెంటనే ఎక్కిస్తామంది. గడ్డ కరగడానికి టైము పడుతుంది గానీ కాలికి ప్రమాదం లేదంది. పొద్దున్న ఆ పని జరిగి ఉంటే అని మొదలుపెట్టి, మా ముఖాలు చూసి ఆపేసింది.

నేను భాభీ వైపు తిరిగాను. ఈ మాట వినగానే కూలబడిపోతుందేమోనని చెయ్యి కూడా చాపాను. ఆమె వినడం లేదు. బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, మా అమ్మీ భుజం మీదికి తల ఒరిగిపోయి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఎన్ని రాత్రులు ఆ గడ్డ మీద చెయ్యేసుకుని ఒంటరిగా మేలుకుందో. నాకు దుఃఖం ఆగలేదు.

అమ్మీ బిగుసుకుపోయి కూర్చుంది. ఒళ్లో పిల్లాడు, భుజం మీద కోడలు, ఎటూ కదలడానికి లేదు. డాక్టరమ్మ ఇంకేదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"మెల్లగా సెప్పండమ్మా," అంది. "పిల్ల పడుకుంది."